కాటన్ తెచ్చిన నీరు, మినుము వేరు చెప్పే లెక్క

గోదావరి డెల్టాలో లాకుల దగ్గరా, కాల్వ గట్ల మీదా, ఊరి సెంటర్లలోనూ గుర్రమెక్కిన ఒక తెల్లదొర విగ్రహం కనిపిస్తుంది. ఏటా మే 15న దానికి దండలు పడతాయి. మన పెద్దలు ఆయన్ని కాటన్ దొర అంటారు. ఆయన నీళ్లు తెచ్చాడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే నీళ్లొక్కటే పంట పండిస్తాయా? తెచ్చిన నీరు ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు పోవాలి, నేలకు బలం ఎక్కడి నుంచి రావాలి? ఈ ప్రశ్నలకు జవాబు విగ్రహం దగ్గర దొరకదు. వరి కోసిన మడిలో మొలిచే మినుము మొక్కను అడగాలి. అందుకే ఈ వారం ఆర్థర్ కాటన్ జీవితాన్నీ, మినుము వేరునూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

కంపెనీ ఉద్యోగి

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదకొండుమంది అన్నదమ్ముల్లో పదోవాడు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వారి ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరి ఇంజనీరు చదువు చదివాడు. 1821లో మద్రాసు వచ్చాడు. కొంతకాలం పాంబన్ దగ్గర సముద్రపు దారి కొలిచాడు. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో కంపెనీ సైన్యం వెంట నడిచాడు. అంటే ఆయన మన కోసం దిగివచ్చిన దేవుడేమీ కాదు. దేశాన్ని ఆక్రమించిన కంపెనీ జీతం తిన్న సైనికోద్యోగి. ఆ సంగతి మరవకుండానే ఆయన చేసిన మంచి పనిని మంచి పని అనుకోవచ్చు.

1828 ప్రాంతంలో ఆయన్ని తంజావూరు వైపు కావేరి పనులకు వేశారు. అక్కడ ఆయనకు అసలు బడి దొరికింది. చోళరాజుల కాలంలో కట్టిన కల్లణై అనే పాత ఆనకట్టను చూశాడు. ఇసుక మీద కట్టిన కట్టడం, అడుగున రాతి పునాది లేదు. అయినా వందల ఏళ్లుగా వరదలకు నిలబడింది. మొదట వేసిన రాళ్లు ఇసుకలోకి దిగిపోతాయి, వాటి మీద మళ్లీ రాళ్లు వేస్తారు, చివరికి దిగడం ఆగిపోతుంది. పేరు తెలియని మన పనివాళ్లు కనిపెట్టిన కిటుకు ఇది. కాటన్ దాన్ని నేర్చుకున్నాడు, నేర్చుకున్నానని ఒప్పుకున్నాడు కూడా. 1836లో కొల్లిడం నది మీద ఎగువనా దిగువనా రెండు ఆనకట్టలు కట్టాడు. తర్వాత ఆరోగ్యం చెడి సెలవు మీద ఆస్ట్రేలియా వైపు పోయి, 1841లో అక్కడే పెళ్లి చేసుకుని తిరిగి వచ్చాడు.

నది పక్కనే ఆకలి

అప్పటి రాజమండ్రి జిల్లా పరిస్థితి ఏమిటి? 1832-33లో నందన కరువు వచ్చింది. గుంటూరు సీమను తుడిచిపెట్టిన ఆ కరువు గోదావరి ఒడ్డునా జనాన్ని చంపింది. 1839లో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచింది. 1821లో జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. 1841కి అది 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కళ్లెదుట అంత పెద్ద నది పోతుంటే ఒడ్డున మనుషులు తిండి లేక చచ్చారు. బతికినవాళ్లు మూట కట్టుకుని వలసపోయారు.

కంపెనీకి ప్రాణాల లెక్కకన్నా శిస్తు లెక్క ముఖ్యం. జనం పోయారు, శిస్తు తగ్గింది. ఎందుకు తగ్గిందో చూడమని హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని పంపారు. ఆయన 1844లో నివేదిక ఇచ్చి, ఇక్కడికి మంచి ఇంజనీరు కావాలన్నాడు. కాటన్ అలా వచ్చాడు. గుర్రం మీదా పడవ మీదా పల్లం మెరక కొలుచుకుంటూ తిరిగి, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని 1845లో రాశాడు. పై అధికారులను ఒప్పించడానికి ఆకలి గురించీ చెప్పాడు, పెట్టుబడికి ఎంత లాభం వస్తుందో కూడా చెప్పాడు. రెండో మాటే వాళ్ల చెవికెక్కింది. 1846లో అనుమతి వచ్చింది.

1847లో పని మొదలైంది. నదిలోని లంకలను ఆధారం చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, సుమారు 12 అడుగుల ఎత్తున ఆనకట్ట లేచింది. ధవళేశ్వరం కొండ రాయి కొట్టారు. పడవల మీదా పట్టాల బళ్ల మీదా మోశారు. పనివాళ్ల సంఖ్య పదివేల దాకా పోయింది. వాళ్లలో వడ్రంగులు, కమ్మరులు, తాపీ పనివారు, వడ్డెర్లు, మట్టి తట్టలు మోసిన ఆడకూలీలు ఉన్నారు. కూలీలను సమకూర్చి పని నడిపించడంలో వీణం వీరన్న కాటన్‌కు కుడిభుజం. మధ్యలో కాటన్ జబ్బుపడి సెలవు పెడితే కెప్టెన్ ఆర్ పని చూశాడు. 1852కి ఆనకట్ట పూర్తయింది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద 49 కమానుల అక్విడక్టు కట్టి నీటిని కోనసీమ లంకలకు దాటించారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా కాల్వలు పారాయి.

విగ్రహం మీద పేరు ఒక్కడిది. రాయి మోసిన పదివేలమందిలో వీరన్న లాంటి ఒకరిద్దరి పేర్లు తప్ప మిగతావి ఎక్కడా లేవు.

మినుము ఏం సంపాదిస్తుంది?

కాల్వ నీటితో సార్వా వరి స్థిరపడింది. దాళ్వాకు నీరందని చేలల్లో వరి తర్వాత అపరాలు వేయడం మన తాతల నాటి పద్ధతి. కోతకు రెండు మూడు రోజుల ముందు, మడిలో బురద పదును ఉండగానే, నిలిచిన వరిలో మినుములో పెసలో చల్లుతారు. వరి కోసేసరికి మొలకలు తలెత్తుతాయి. వరి వదిలిపెట్టిన తడితోనే, మంచుతోనే, డెబ్బై ఎనభై రోజుల్లో పంట చేతికి వస్తుంది. పశువుల మేతకు పిల్లిపెసర, పచ్చిరొట్టకు జనుము కూడా ఇలాగే చల్లేవారు.

ఈ మొక్క బతకడానికి రెండు సంపాదనలు కావాలి. ఒకటి నీరు, రెండు నత్రజని. ఆకుకు పచ్చదనం ఇచ్చేది, గింజలో మాంసకృత్తులు కట్టేది నత్రజనే. పప్పు పేదవాడి మాంసం అనడంలో అర్థం అదే. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని ఉంది. అయినా ఏ మొక్కా దాన్ని నేరుగా తినలేదు. చుట్టూ సముద్రం ఉన్నా తాగడానికి చుక్క దొరకనట్టు.

అపరాల మొక్కలు దీనికి ఉపాయం కనిపెట్టుకున్నాయి. నేలలో రైజోబియం అనే సూక్ష్మజీవి ఉంటుంది. అది మినుము వేరులో చేరుతుంది. అక్కడ చిన్న చిన్న బుడిపెలు కడతాయి. ఆ బుడిపెల్లో కూర్చుని గాలిలోని నత్రజనిని మొక్క తినగలిగే ఎరువుగా మారుస్తుంది. ఇదేమీ ఉచిత సేవ కాదు. మొక్క తన ఆకుల్లో ఎండతో వండుకున్న చక్కెరను సూక్ష్మజీవికి కూలిగా ఇస్తుంది. కూలి అందినంతకాలం పని సాగుతుంది. కూలి తగ్గితే పని తగ్గుతుంది.

ఈసారి మినుము చేలో నెల రోజుల మొక్కను మట్టితో సహా మెల్లగా తవ్వి తీయండి. లాగితే బుడిపెలు తెగిపోతాయి. ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబి ఎరుపు ఉంటే పని జరుగుతున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే ఆగినట్టు. ఆ ఎరుపు మన నెత్తురులో ఎరుపు రంగునిచ్చే పదార్థానికి దగ్గరి చుట్టం. మన నెత్తురులాగే అది కూడా ప్రాణవాయువును మోస్తుంది. బుడిపెకు ఊపిరి కావాలన్నమాట. ఈ ఊపిరి మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

తక్కువైనా తంటాయే, ఎక్కువైనా తంటాయే

నీరు తక్కువైతే ఏమవుతుంది? ఆకుల అడుగున కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయి. బెట్ట తగలగానే మొక్క తన తడిని కాపాడుకోవడానికి వాటిని మూసుకుంటుంది. ఆ రంధ్రాల్లోంచే గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి పోవాలి. అది ఆగితే చక్కెర వంట తగ్గుతుంది. చక్కెర తగ్గితే బుడిపెకు కూలి తగ్గుతుంది. సోయా, అలసంద లాంటి చిక్కుడు జాతి మొక్కల్లో చూసినదేమంటే, ఆకు వాడినట్టు మన కంటికి కనపడకముందే బుడిపెల పని మందగిస్తుంది. పూత సమయంలో బెట్ట వస్తే పూత రాలుతుంది. గింజ పట్టేటప్పుడు వస్తే తాలు కాయలు, నొక్కు గింజలు. అందుకే వీలున్నచోట పూతకు ముందొకసారి, గింజ కట్టేటప్పుడొకసారి పలచటి తడి ఇస్తే మినుము తేరుకుంటుంది. వరికి పెట్టినట్టు నిలవ నీరు పెడితే మాత్రం చెడుతుంది.

నీరు ఎక్కువైతే? మట్టి బెడ్డల నడుమ ఉండే సందుల్లో గాలి ఉంటుంది. ముంపు రాగానే ఆ సందులు నీటితో నిండి గాలి బయటికి పోతుంది. ప్రాణవాయువు గాలిలో కదిలే వేగంలో పదివేలో వంతు కూడా నీటిలో కదలదు. వరికి కాండం నుంచి వేరు దాకా గొట్టాల్లాంటి గాలి దారులున్నాయి, అందుకని నీళ్లలో నిలబడుతుంది. మినుముకు ఆ ఏర్పాటు లేదు. వేరు ఊపిరాడక తినడం మానేస్తుంది, బుడిపె పని ఆపేస్తుంది. ఆకు పసుపు తిరుగుతుంది. పసుపు చూసి యూరియా చల్లుతాం. ఊపిరే ఆడని వేరు యూరియాను ఏం తింటుంది? అక్కడ కావలసింది బస్తా కాదు, నీరు పోయే దారి.

ఇంకొక సంగతి. మొదట్లో నీరు ఎక్కువైన మొక్క వేరు పైపైనే ఉండిపోతుంది. తర్వాత తడి కిందికి దిగినప్పుడు వేరు దాన్ని అందుకోలేదు. జనవరిలో ముంపుకు గురైన చేను ఫిబ్రవరిలో బెట్టకు కూడా ముందుగా పడిపోయేది అందుకే.

ఎరువు సంగతి కూడా ఇంతే. నేలలో సిద్ధంగా నత్రజని ఎక్కువ ఉంటే మొక్క బుడిపెలు పెట్టుకోదు. కొనే కూడు ఉండగా వండే శ్రమ ఎందుకు అన్నట్టు. ఆకు ఏపుగా పెరుగుతుంది, కాయ తక్కువవుతుంది. బుడిపెలు పనిలోకి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి, మెట్టలో వేసే మినుముకు ఎకరాకు 8 కిలోల నత్రజని, అంటే 17 కిలోల యూరియా, మొదట్లో భాస్వరంతో పాటు వేయమంటారు. అంతకు మించి గుమ్మరిస్తే డబ్బు ఖర్చు, బుడిపె సోమరి.

దొర ముసలితనంలో తవ్విన మడి

మళ్లీ కాటన్ దగ్గరికి వద్దాం. 1860లో ఆయన ఉద్యోగం నుంచి విరమించాడు, 1861లో సర్ బిరుదు వచ్చింది. ఇంగ్లండులో కూర్చుని కూడా ఊరుకోలేదు. ఇండియాలో కోట్లకు కోట్లు రైళ్లకు పోస్తున్నారు, ఆ డబ్బు కాల్వలకు పెడితే కరువులు ఆగుతాయి, సరుకూ పడవల మీద చౌకగా పోతుంది అని వాదించాడు. 1876-78 మహాకరువులో మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది చనిపోయిన తర్వాత, 1878లో పార్లమెంటు కమిటీ ముందు నిలబడి అదే మాట చెప్పాడు. రైళ్ల పక్షం వాళ్లు ఆయన్ని చాదస్తపు ముసలాడిగా చూశారు.

చివరి రోజుల్లో డార్కింగ్ అనే ఊళ్లో ఉన్నాడు. అక్కడ తన దొడ్డిలో నేలను బాగా లోతుగా తవ్వించి, మట్టిని గుల్లచేసి, గాలి చొరబడేలా చేసి గోధుమ పండించి చూశాడు. జీవితమంతా నీటి లెక్కలు వేసినవాడు ఎనభై దాటిన వయసులో మట్టిలోని గాలి మీద దృష్టి పెట్టాడు. ఆనకట్ట కట్టిన మనిషికి కూడా పంట రహస్యమంతా నీటిలోనే లేదని తెలిసిందన్నమాట.

అదే కాలంలో వేరే దేశాల్లో బుడిపె గుట్టు బయటపడింది. 1886లో హెల్‌రీగల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, విల్ఫార్త్ అనే తన సహచరుడితో కలిసి, బఠాణీ జాతి మొక్కలు బుడిపెల ద్వారా గాలి నత్రజనిని వాడుకుంటున్నాయని చూపాడు. 1888లో హాలెండులో బైయెరింక్ ఆ సూక్ష్మజీవిని విడదీసి పెంచాడు. అపరాల తర్వాత వేసిన పైరు బాగుంటుందని ఏ బడీ చదవని మన పాలేళ్లకు ముందే తెలుసు. ఎందుకు బాగుంటుందో శాస్త్రం చెప్పింది. 1899 జూలైలో కాటన్ 96 ఏళ్ల వయసులో చనిపోయాడు.

ఆనకట్ట తర్వాతి కథ

ఆయన పోయిన పదేళ్లకు, 1909లో, హేబర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు గాలి నత్రజనిని యంత్రంతో పట్టాడు. 1913లో ఫ్యాక్టరీ నడిచింది. బుడిపె చల్లగా, చప్పుడు లేకుండా చేసే పనిని ఫ్యాక్టరీ భారీ వేడితో, ఒత్తిడితో చేస్తుంది. 1992లో మన కాకినాడలోనే గ్యాసుతో యూరియా ఫ్యాక్టరీ మొదలైంది. పాత ఆనకట్ట పాతబడితే దాని దగ్గరే కొత్త బ్యారేజీ 1982కి పూర్తయి కాటన్ పేరే పెట్టుకుంది. దాని కింద సుమారు 10 లక్షల ఎకరాలు. పొట్టి వరి రకాలు వచ్చాయి, దాళ్వా విస్తరించింది. అదే 1982లో మార్టేరు పరిశోధన కేంద్రం స్వర్ణ వరిని ఇచ్చింది. గింజల దిగుబడి పెరిగింది, అది కాదనలేం. కాని వరి మీద వరి పడిన చోట మినుము, పిల్లిపెసర, జనుము పక్కకు పోయాయి. బుడిపె చేసే పని బస్తా మీద పడింది. నిలవ నీటిలో చల్లిన యూరియాలో కొంత ఆవిరైపోతుంది, కొంత మురుగులో పోతుంది.

మరి నీరు పోయే దారి? తెచ్చే కాల్వలకు ఇచ్చిన శ్రద్ధ తీసే కాల్వలకు ప్రభుత్వాలు ఇవ్వలేదు. 1960ల్లో మిత్ర కమిటీ డెల్టా మురుగు సంగతి చూసింది. 1968లో డ్రైనేజి సెస్సు చట్టం వచ్చింది, రైతు నుంచి డబ్బు వసూలైంది. అయినా గుర్రపుడెక్క, పూడిక, ఆక్రమణలు పోలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేకపోవడంతో పాటు మురుగు ముంపు కూడా వాళ్ల గోడులో ఉంది. రైతు పంట మానేస్తే ముందు పస్తుండేది ఊడ్పులకూ కోతలకూ పోయే కూలి ఇల్లు.

లెక్క ఎవరి చేతికి?

ఇక అసలు మాట. మినుము నేలకు బలం ఇస్తుందంటాం. అది పూర్తి నిజం కావాలంటే ఒక షరతు ఉంది. మొక్క సంపాదించిన నత్రజనిలో ఎక్కువ భాగం గింజలోకి పోతుంది. మిగిలింది ఆకులో, వేరులో ఉంటుంది. మొక్కను వేళ్లతో పీకి కళ్లానికి మోస్తే నేలకు మిగిలేది కొంచెమే. కొడవలితో కోసి వేరు వదిలితే, పొట్టు తిరిగి చేనుకో, పశువు ద్వారా పెంటకుప్పకో చేరితే, నేలకు వాటా దక్కుతుంది. జనుమో పిల్లిపెసరో పూత మీద కలియదున్నితే మొత్తం నేలకే.

కాని ఎవరు కలియదున్నుతారు? డెల్టాలో చాలా చేలు కౌలుదారు చేతిలో ఉన్నాయి. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం గుర్తించింది 11 నెలల ఒప్పందాన్ని. ఈ ఏడు జనుము దున్నితే ఫలం వచ్చే ఏటి వరిలో కనపడుతుంది. వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో కౌలుదారుకు తెలియదు. నేల లెక్క రెండేళ్లది, కౌలు లెక్క 11 నెలలది. అందుకే అతను బస్తాను నమ్ముకుంటాడు. అతన్ని తెలివితక్కువవాడని తిట్టి లాభం లేదు. కౌలుకు భద్రత లేనిచోట నేలకూ భద్రత లేదు.

కూలి వైపు నుంచీ చూడండి. కోత యంత్రం వచ్చాక నిలిచిన వరిలో చల్లిన మినుము మొలకలు దాని చక్రాల కింద నలుగుతున్నాయి. మనుషులు కోసిన చేలో మినుము నిలుస్తుంది. పైగా మినుము కోత, నూర్పిడి పనులు వరి పనులు లేని రోజుల్లో మన ఆడకూలీలకు దొరికే పనిదినాలు. అంటే మినుము నిలిస్తే నేలకు నత్రజని, ఇంటికి పప్పు, చేతికి కూలి.

కాబట్టి సంఘం కార్యకర్తలు మూడు పనులు పట్టుకోవాలి. మురుగు కాల్వల పూడిక తీత ప్రతి ఏడూ సకాలంలో జరిగేట్టు, ఆ పనిలో కూలీలకు గిట్టుబాటు కూలి వచ్చేట్టు అడగాలి. కౌలు ఒప్పందం కనీసం తర్వాతి పంట దాకా నిలిచేట్టు పట్టుబట్టాలి. దాళ్వాకు నీరివ్వని ఏట, నీరు లేదన్న ప్రకటనతో పాటే అపరాల విత్తనం కూడా కోతలకు ముందే ఊరికి చేరేట్టు చూడాలి. కోతలు అయిపోయాక వచ్చిన విత్తనం మొలవడానికి తడి ఉండదు.

కాటన్ పుట్టినరోజు మే నెలలో వస్తుంది. అది కాల్వలు కట్టేసే కాలం, అడుగు బయటపడి మరమ్మతులు చేసుకునే కాలం. ఆ రోజు విగ్రహానికి దండ వేసేవాళ్లు వేయనివ్వండి. మనం మాత్రం పారలు పట్టుకుని, ఊరివాళ్లను వెంటబెట్టుకుని, అధికారులను పిలిచి, ఊరి మురుగు కాల్వ గట్టున నిలబడదాం. పూడిక ఎంత ఉందో కర్ర దించి కొలుద్దాం. నీటిని తేవడం పదివేలమంది కూలీలు 1852కే చేసి చూపించారు. దాన్ని సకాలంలో సాగనంపే పని ఇంకా మిగిలి ఉంది.